మూడు తెరల ఇంజను గది: నౌపడా–గుణుపూర్ చిన్నబండి ఆట, ప్రాజెక్టు డైరీ

జనవరి, పండగ వెళ్లాక

బండి కదిలింది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాకా పట్టాలు వేయడం అయిపోయింది. ఆవిరి లెక్క కూడా ఒక దారికి వచ్చింది. బొగ్గు ఎక్కువ వేస్తే ప్రెషర్ లేస్తోంది, నీళ్లు తగ్గితే ఆట కోప్పడుతోంది.

కొత్తగా చదువుతున్నవాళ్లకు రెండు ముక్కలు. మేం చేస్తున్నది నౌపడా–గుణుపూర్ నేరో గేజ్ లైను మీద ఒక చిన్న రైలు ఆట. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి వేయించిన లైను ఇది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి బండి వచ్చింది. 1931 నాటికి లైను గుణుపూర్ చేరింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే, 762 మిల్లీమీటర్లు. 2004లో చిన్నబండి ఆగిపోయింది, 2011లో గుణుపూర్‌కి బ్రాడ్ గేజ్ బండి వచ్చింది. మా వయసువాళ్లకు చిన్నబండి లీలగా గుర్తుంది. మా తమ్ముళ్లకు ఆ లీల కూడా లేదు.

మేం ఇద్దరం. కోడు నాది, పర్లాకిమిడిలో కూర్చుని రాస్తాను. ఇంజను, స్టేషన్లు, చెట్లు, కొండలు గుణుపూర్‌లో ఉండే ఒడియా స్నేహితుడివి. ఇంజను గోడాట్ 4 (ఇక్కడ ఇంజను అంటే ఆట ఇంజను, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, రైలు ఆట రాస్తే ఈ ఇబ్బంది తప్పదు). గోడాట్‌నే పట్టుకోవడానికి డబ్బులు అడక్కపోవడం ఒక కారణం. స్టేషన్ బోర్డులు ఇంకో కారణం. 2023లో వచ్చిన 4.0 నుంచి తెలుగు ఒత్తులు, ఒడియా గుణింతాలు అందులో విరగకుండా వస్తున్నాయి. పాత 3లో "పర్లాకిమిడి" అని రాస్తే వత్తు వచ్చి పక్కింట్లో కూర్చునేది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి పేరు తప్పుగా పడితే బాగుండదు కదా.

ఫిబ్రవరి మొదట్లో

పరీక్షకు ఇచ్చిన బిల్డు (ఆట తాజా కాపీ) ఆడి బరంపురం నుంచి ఒకాయన అడిగారు, మూడు మానిటర్లకు సపోర్టు ఇస్తారా అని. లారీ ఆటలు, విమానం ఆటలు ఆడే మనిషి. బల్ల మీద మూడు తెరలు, స్టీరింగ్, పెడల్స్ అన్నీ ఉన్నాయట.

బావతో చెప్తే నవ్వేశాడు. బావది బజార్లో నెట్ సెంటరు. ఉద్యోగాల అప్లికేషన్లు, జిరాక్సు, రైలు టికెట్లు. "ఒరే, మనోళ్లకి ఒక్క మానిటరుకే దిక్కు లేదు, మూడేటిరా? ముందు ఫోన్లో ఆడించు," అన్నాడు.

బావ మాట తీసిపారేసేది కాదు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ వాళ్లు నెలనెలా వేసే హార్డ్‌వేర్ సర్వేలో అన్నిటికంటే పైనుండేది 1920×1080 తెర. ఒకటి కంటే ఎక్కువ మానిటర్లున్నవాళ్ల పట్టిక వేరే ఉంటుంది. అందులో పైన కనిపించేది 3840×1080, అంటే రెండు మామూలు మానిటర్లు పక్కపక్కన. అది కూడా డెస్క్‌టాప్ వెడల్పు మాత్రమే చెప్తుంది. ఆ రెండింటి మీదా ఆట పరుచుకుని ఆడుతున్నారని కాదు. ఒకదాంట్లో ఆట, రెండోదాంట్లో యూట్యూబో డిస్కార్డో. మూడు తెరల మనిషి ఉన్నాడు గానీ, గుంపుకు ఒకడు.

ఈ ముచ్చట కొత్తదీ కాదు. 1993 నాటి డూమ్ అనే ఆట తొలి వెర్షన్లలోనే మూడు కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపి ఎడమ, నడుమ, కుడి చూపులు మూడు తెరల మీద వేసుకునే ఏర్పాటు ఉండేది. తర్వాతి వెర్షన్లలో తీసేశారు. 2002లో మాట్రాక్స్ పార్హీలియా గ్రాఫిక్స్ కార్డు మూడు మానిటర్ల ఆటలనే తన గొప్పగా చెప్పుకుంది. 2009లో కొన్ని తెరల్ని కలిపి ఒకటిగా చూపే ఏఎండీ ఐఫినిటీ వచ్చింది, అలాంటిదే మరుసటి ఏడు ఎన్విడియా సరౌండ్ వచ్చింది. ఆ తర్వాత ఒకే పొడుగు తెరగా 21:9, 32:9 (వెడల్పుకీ ఎత్తుకీ ఉన్న నిష్పత్తి) మానిటర్లు దిగి నడుమ ఉన్న ఫ్రేముల, అంటే మానిటరు అంచుల బాధ లేకుండా చేశాయి. ప్రతిసారీ కార్డు అమ్మేవాళ్లు ముందు పరిగెత్తారు. ఆటలు చేసేవాళ్లలో కొంతమందే వెనక నడిచారు.

ఎవరు నడిచారో చూస్తే నాకు ఒక సంగతి కనిపించింది. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2, ఐరేసింగ్, ఎక్స్‌ప్లేన్. 2022లో ఒక అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. అన్నీ కూర్చుని నడిపే ఆటలే. పక్కన కిటికీ ఉన్న ఆటలే. ఎల్డెన్ రింగ్ లాంటిది మామూలు తెర ఆకారమైన 16:9 దాటి ఒక్క పిక్సెల్ ఇవ్వదు, అటూ ఇటూ నల్ల పట్టీ వేస్తుంది. స్టార్‌క్రాఫ్ట్ 2 కూడా 16:9 దగ్గరే ఆగుతుంది. పోటీలో ఎక్కువ మైదానం కనిపించేవాడికి లాభం కాబట్టి అక్కడ ఆ గీత గీయడం నాకు సబబుగానే తోస్తుంది. ఎల్డెన్ రింగ్ పట్టీల మీద మాత్రం నాకు అంత జాలి లేదు. ఒంటరిగా ఆడేవాడి వెడల్పు తెర మీద అంత కట్టుబాటు ఎందుకు?

మా ఆట ఏ పక్షం? ఆవిరి ఇంజనులో డ్రైవరు ఎదుట బాయిలరు అడ్డం ఉంటుంది. నేరుగా ముందుకు చూస్తే కనిపించేది ఇనుము. లైను చూడాలంటే పక్క అద్దంలోంచో, గడప దాటి ఒంగో చూడాలి. మా ఆటలో చూడవలసిందంతా పక్కనే ఉంది. అందుకే బావ నవ్వినా పని మొదలుపెట్టాను.

ఫిబ్రవరి, అద్దె లేని మానిటర్లు

నా దగ్గరున్నది ఒక్క 24 అంగుళాల తెర. రెండోది స్నేహితుడు గుణుపూర్ నుంచి వస్తూ తెచ్చాడు, అదీ 24 అంగుళాలే, 1920×1080. మూడోది బావ నెట్ సెంటర్లో మూల పెట్టిన పాతది: 18.5 అంగుళాలు, 1366×768, వెనక పాత రకం వీజీఏ పోర్టు ఒక్కటే.

నా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డుకు మూడు దారులున్నాయి: డీవీఐ, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్టు. డీవీఐ నుంచి వీజీఏకి చవక అడాప్టరు ఒకటి బజార్లో దొరుకుతుంది. ఈ కార్డుకి అది పనికిరాదు. ఇక్కడి డీవీఐలో డిజిటల్ సిగ్నలే వస్తుంది, వీజీఏకి కావలసిన అనలాగ్ రాదు. ఆ పిన్నులకు చోటు కూడా ఉండదు. లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ–వీజీఏ కన్వర్టరు కావాలి. అది పెట్టాక పాత తెర వెలిగింది. అక్షరాలు కొంచెం మసక, పర్వాలేదు, అందులో కొండలే కనిపించేది.

ఒక సైజు కాని తెరలు కలిపితే గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) సాయం దొరకదు. ఎన్విడియా సరౌండ్‌కి మూడు తెరలూ ఒకే రిజల్యూషన్ ఉండాలి. నాకు ఇది ఒకందుకు మంచిదే అయింది. మన వైపు ఎవరైనా మూడు మానిటర్లు పెట్టారంటే అవి ఒక జత అయ్యుండే అవకాశం తక్కువ: ఒకటి కొన్నది, ఒకటి అన్నయ్య ఆఫీసు మార్చినప్పుడు వదిలేసింది, ఒకటి ఇలా మూలపడ్డది. కొత్త తెరలు మూడు కొని పరీక్షించి "సపోర్టు ఉంది" అని రాయడం కంటే ఈ గందరగోళం మీదే పరీక్షించడం మేలు.

మూడూ వెలిగాక మొదట చూసింది విండోస్ ఇచ్చే లెక్క. అన్ని తెరలూ కలిపి ఒకే పెద్ద మైదానం, ప్రధాన తెర ఎడమ పై మూల సున్నా, సున్నా. దాని ఎడమ పక్కనున్న తెర మైనస్‌లో పడుతుంది. నా పాత తెర -1366 దగ్గర మొదలవుతోంది. ఆటలు చాలావాటిలో ఎడమ తెర మీద ఆట కిటికీ (విండో) తెరుచుకోకపోవడానికి, తెరుచుకున్నా రెండోసారి ప్రధాన తెరకు పారిపోవడానికి ఒక కారణం ఇదే. మైనస్ సంఖ్య వస్తే "తెర బయట ఉంది" అనుకుని కోడు దాన్ని సున్నాకి లాగేస్తుంది. గోడాట్‌లో ప్రతి తెర స్థానం, కొలత అడిగి తీసుకోవచ్చు, అవే వాడాను. లినక్స్‌లో వేలాండ్ (కిటికీలను తెర మీద చూపించే కొత్త పద్ధతి) మీద నడిపితే ఇంకో సంగతి: అక్కడ అప్లికేషన్ తన కిటికీని ఫలానా చోట పెట్టుకోలేదు, ఆ పెత్తనం డెస్క్‌టాప్‌ది. వాళ్లకు ప్రస్తుతానికి పాత పద్ధతి అయిన ఎక్స్11 వాడమని రాసి పెడతాను.

మార్చి, పక్కన సాగిపోయిన కొండలు

చవక దారి ముందు చూశాను. మూడు ఒకే సైజు తెరలున్నాయని అనుకుని 5760×1080 కిటికీ ఒకటి తెరిచి, ఒకే కెమెరా (ఆటలో మనకు చూపించే కన్ను). గోడాట్ కెమెరా మామూలుగా ఎత్తు కోణాన్ని (నిలువున ఎంత కనిపిస్తుందో చెప్పే కోణాన్ని) పట్టుకుని వెడల్పును తెరకు తగ్గట్టు పెంచుతుంది. ఇది మంచి అలవాటు. కొన్ని ఇంజన్లు వెడల్పు కోణాన్ని పట్టుకుంటాయి. అప్పుడు తెర వెడల్పయ్యే కొద్దీ పైనా కిందా కోసుకుపోయి, డబ్బు పెట్టి పెద్ద తెర కొన్నవాడికి తక్కువ కనిపిస్తుంది.

మా ఆటలో ఎత్తు కోణం 50 డిగ్రీలు. ఒక్క 16:9 తెరలో వెడల్పు కోణం 79 డిగ్రీలు అవుతుంది. మూడు తెరలకు సాగదీస్తే 136. కోణం మూడింతలు కాలేదు, రెండింతలు కూడా కాలేదు. మరి మూడింతల పిక్సెళ్లు ఎక్కడికి పోయాయి? అంచుల్ని సాగదీయడానికి. చదునైన తెర మీద బొమ్మ వేసే లెక్కలో నడిమి నుంచి పక్కకు జరిగే కొద్దీ ప్రతి డిగ్రీ ఎక్కువ చోటు తింటుంది. ఒక్క తెర అంచులో నడిమి కంటే ఒకటిన్నర రెట్లు దాటి ఉంటుంది, కంటికి పెద్దగా ఆనదు. మూడు తెరల చివర ఏడు రెట్లు. ఎత్తు కూడా సాగుతుంది గానీ రెండున్నర రెట్ల పైచిలుకే. దాంతో పాతపట్నం దగ్గర మా వాడు, గుణుపూర్ స్నేహితుడు, ముచ్చటపడి చేసిన తాటిచెట్లు పక్క తెరల్లో గుమ్మడికాయలయ్యాయి. బండి కదిలితే ఇంకా ఘోరం: నడుమ నింపాదిగా వచ్చే చెట్టు పక్క తెరలోకి రాగానే సాగి, ఉరికి, మాయం. కాసేపటికే తల తిరిగింది.

చాలా ఆటల్లో "మూడు మానిటర్ల సపోర్టు" అంటే ఇదే. కిటికీ సాగుతుంది, అంతే. ఇలాంటిది ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే మర్యాద.

సరైన దారి ఒక్కో తెరకు ఒక్కో కెమెరా. బల్ల మీద తెరలు ఎలా తిరిగి ఉన్నాయో కెమెరాలు కూడా అలాగే తిరగాలి. అప్పుడు ప్రతి తెరా ఒక కిటికీ. దీనికి కావలసినవి టేపుతో కొలిచే కొలతలే: తెర వెడల్పు, ఎత్తు, కంటికి తెరకు దూరం, ఫ్రేము మందం. 24 అంగుళాల తెర వెడల్పు 53 సెంటీమీటర్లు, ఎత్తు 30. నా కళ్లు 65 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. లెక్క కడితే ఆ తెర నా కంటికి అడ్డంగా 44 డిగ్రీలు, నిలువున 26 డిగ్రీలు. పాత 18.5 అంగుళాలది అడ్డంగా 35, నిలువున 20. ఫ్రేముల మందం కలుపుకుంటే కుడి కెమెరా 46 డిగ్రీలు, ఎడమది దాదాపు 42 డిగ్రీలు తిరగాలి.

ఈ లెక్క వేసేదాకా నాకూ తట్టలేదు: మామూలు 24 అంగుళాల తెర నిజంగా ఒక కిటికీ అయితే దాంట్లోంచి 44 డిగ్రీలే కనిపిస్తుంది. మనం ఆడే ఆటలన్నీ 80, 90 డిగ్రీలు అందులో కుక్కి చూపిస్తాయి, కళ్లు అలవాటు పడిపోయాయి. మూడు తెరలు పెట్టినప్పుడే ఆ కుక్కడం మానేసి సైజుకు సైజు చూపించే వీలుంటుంది. ఇంజను గడప నిజంగా గడపంత కనిపించింది. స్నేహితుడు చేసిన ఇంజను మీట మీద చెయ్యి పట్టుకునే చోటి గీతలు కూడా కనిపించాయి.

పాత తెర పొట్టిది కాబట్టి దాని మధ్యభాగం మిగతావాటికంటే కింద ఉంది. కింద రెండు పుస్తకాలు పెట్టొచ్చు. కోడులో అయితే గోడాట్ కెమెరాకు ఫ్రస్టమ్ ఆఫ్‌సెట్ అని ఉంది, కంటికి తిన్నగా లేని కిటికీలోంచి చూస్తున్నట్టు బొమ్మను జరుపుతుంది. దాంతో దిగంతం మూడు తెరల్లో ఒకే ఎత్తున నిలిచింది.

మార్చి చివర, మావయ్య వచ్చిన రోజు

పాతపట్నంలో మా అమ్మ తరపు మావయ్య రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. చిన్నబండి మీదా చేశారు, పెద్దబండి మీదా చేశారు. నీలమణి దుర్గ గుడి దగ్గర పని చూసుకుని ఇటు వస్తే కూర్చోబెట్టాను.

మొదట కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తెరల అతుకు దగ్గర వేలు పెట్టి, "పట్టా ఇక్కడ ఇరిగిపోనాదేటి బాబూ?" అన్నారు. నిజమే, వంకలో పక్క లైను ఒక తెర దాటి రెండో తెరలోకి వెళ్లేచోట చిన్న మెలిక పడుతోంది. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నారు, కళ్లు 65 దగ్గర లేవు, 80 దాటి ఉన్నాయి. దూరం మారితే కోణాలన్నీ మారతాయి. అక్కడికక్కడే దూరాన్ని ఒక స్లైడరు చేసి ఆయన్నే జరపమన్నాను. రెండు తెరల మీదుగా ఒక తిన్నని గీత వేసి, అది విరగకుండా కనిపించేదాకా జరపడమే. లెక్కలు తెలియనివాళ్లకు కూడా చేతనవుతుంది. ఇక సెట్టింగుల్లో డిగ్రీలు అడగను, ఈ గీతే ఉంటుంది.

రెండో మాట నన్ను ఆపేసింది. పర్లాకిమిడి ప్లాట్‌ఫాం నుంచి బండి తీశాను. "మరి నా జెండా చూసుకోలేదేం?" అన్నారు. బండి కదిలించేముందు డ్రైవరు వెనక్కి ఒంగి గార్డు పచ్చజెండా చూడాలి, కదిలాక మళ్లీ ఒకసారి ఇద్దరూ సైగ మార్చుకోవాలి. వెనక గార్డు ఉండే బ్రేక్‌వాను మూడు తెరల్లో ఎక్కడా లేదు. అటూ ఇటూ కలిపి నూట పాతిక డిగ్రీలు నేను ఎంత గర్వంగా చూపించుకున్నా, రైలు పనిలో ముఖ్యమైన చూపు వీపు వెనక ఉంది.

కాబట్టి ఒంగి చూసే మీట కావాలి, అది ఒక్క తెరవాడికీ కావాలి, మూడు తెరలవాడికీ కావాలి. ఇక్కడే మా ఆట నియమం ఒకటి తేలింది: ఎక్కువ తెరలున్నవాడికి సుఖం ఎక్కువ ఉండొచ్చు, సమాచారం ఎక్కువ ఉండకూడదు. సిగ్నలు, జెండా, లెవెల్ క్రాసింగ్ గేటు, ఆట గెలవడానికి చూడవలసినది ఏదైనా ఒక్క తెరలో మీట నొక్కి చూడగలగాలి.

మూడు తెరల్లో ఒంగడం అంత తేలిక కాలేదు. మూడు కెమెరాలూ కలిసి వెనక్కి తిరిగితే ఇంజను గది మొత్తం మన చుట్టూ గిర్రున తిరిగినట్టుంది, మావయ్య బల్ల పట్టుకున్నారు. ఇప్పుడు ప్లాట్‌ఫాం వైపు తెర ఒక్కటే వెనక చూపుకు మారుతుంది, మిగతా రెండూ కదలవు. "అద్దం పెట్టినట్టుంది," అన్నారు. రైలుకి అద్దాలేటి అని ఆయనే నవ్వారు. ఉంచేశాం.

ఏప్రిల్, ఫోన్లో పడ్డ లాభం

ప్రెషర్ గేజీ ఎడమ పై మూల, వేగం కుడి కింద మూల, ఇలా మూలలకు కట్టిన సూచికలు వెడల్పు తెరలో ఒకటి మద్రాసులో, ఒకటి కలకత్తాలో ఉన్నట్టుంటాయి. మెడ తిప్పి తిప్పి చూడాలి. సూచికలన్నింటినీ నడిమి తెరలో 16:9 పెట్టె ఒకటి గీసి దానికి కట్టాను. మెనూలు, కబుర్లు, పాజ్ బోర్డు అన్నీ అందులోనే. 21:9 వాళ్లకు ఆ పెట్టె వెడల్పు తామే జరుపుకునే స్లైడరు ఇచ్చాను, కొందరికి గేజీ అంచునే ఇష్టం.

ఇది కాగానే బావ ఫోన్లో ఆడించమన్న మాట గుర్తొచ్చి ఆండ్రాయిడ్ బిల్డు తీశాను. ఇప్పటి ఫోన్లు అడ్డంగా పట్టుకుంటే 20:9. అంటే 2.22. వెడల్పు మానిటరు 21:9 అని పిలిచేది అసలు 2.37 దగ్గర ఉంటుంది. పెద్ద తేడా లేదు! మానిటర్ల కోసం కట్టిన పెట్టె, ఎత్తు కోణం పట్టుకునే కెమెరా, అంచుల్లో ఏమీ దాచుకోకూడదన్న జాగ్రత్త, మూడూ ఫోన్లో అలాగే పనికొచ్చాయి. పెట్టె ఫోను ముందు కెమెరా రంధ్రానికి కూడా తగలకుండా నిలిచింది. బావకి చూపించాను. "అదే కదా నేన్చెప్పింది," అన్నాడు, తన ఖాతాలో వేసుకుంటూ.

అందుకే "వెడల్పు తెరలకు సపోర్టు డబ్బున్నవాళ్ల ముచ్చట" అనేవాళ్లతో నేను ఒప్పుకోను. తెర ఆకారం 16:9 అనే మాట కోడులో ఎక్కడా రాయకపోతే సగం పని అయిపోతుంది, ఆ సగం మన ఊళ్లో ప్రతి చేతిలో ఉన్న ఫోనుకూ అందుతుంది. మిగతా సగం, ఆ కెమెరాలూ టేపు కొలతలూ, అది మా లాంటి కూర్చుని నడిపే ఆటలకే. యుద్ధం ఆట, పజిల్ ఆట చేసేవాడు అది చేయకపోతే నేనేమీ అనుకోను.

మే, ఎండలు, కరెంటు కోతలు

మూడు తెరలు ఎంత తింటాయో చూద్దాం. ఒక 1080 తెరలో 20.7 లక్షల పిక్సెళ్లు. మూడు సమానమైనవి ఉంటే 62.2 లక్షలు, 4కే తెరలో ఉండే 82.9 లక్షల కంటే తక్కువే. నా కలగూర తెరల్లో 52 లక్షలు. పిక్సెళ్ల లెక్కలో అయితే 4కే నడిపే కార్డు దీన్ని నడపాలి. కానీ 4కేకి కెమెరా ఒకటే. ఇక్కడ ఏ చెట్టు కనిపిస్తోంది, ఏది లేదు అనే ఏరివేత మూడుసార్లు, గీయమనే ఆజ్ఞలు మూడుసార్లు, సూర్యుడి నీడలు కూడా కెమెరా కెమెరాకీ వేరే. కార్డు కంటే ముందు ప్రాసెసరు చేతులెత్తేసింది. ఎన్విడియా 2016లో పాస్కల్ కార్డులతో తెచ్చిన ఒక పద్ధతి జ్యామితిని ఒకసారి నడిపి చాలా చూపులకు పంచుతుంది. ఐరేసింగ్ దాన్ని వాడుకుంది. మా చేతికి అది అందదు.

అందిన పని చేశాం. పక్క కెమెరాలకు కల్ మాస్క్ (ఏ కెమెరాకు ఏవి కనిపించాలో ఎంచే సెట్టింగు) పెట్టి గడ్డి, దూరపు పొదలు తీసేశాం. పక్కకు పరిగెత్తే చోట గడ్డి ఎవరూ చూడరు. కొండలకు మా వాడు పలుచటి మోడళ్లు చేశాడు. ఆపైన సెకనుకు పడే బొమ్మలు ఎందుకో ఇంకా సగానికే ఆగుతున్నాయి. చూస్తే వీసింక్, అంటే బొమ్మ మార్పును తెర వంతుకు జత చేసే సెట్టింగు. మూడు కిటికీలకూ వీసింక్ ఉంటే ప్రతిదీ తన తెర వంతు కోసం ఆగుతుంది, ఒకదాని ఎదురుచూపు ఇంకోదానికి తగులుతుంది. రిఫ్రెష్ రేట్లు వేరైతే చెప్పనక్కర్లేదు. నడిమి కిటికీకి మాత్రం ఉంచి, పక్కవాటికి తీసేశాను. పక్క తెరలో అప్పుడప్పుడు బొమ్మ చిరిగినట్టు కనిపిస్తుంది, చూపు అటు లేకపోతే తెలియదు.

కరెంటు పోతే నా చిన్న యూపీఎస్ మూడు తెరలను మోయలేక కూత పెడుతుంది. అందుకని కోడుకి ఇంకో పని పడింది: ఆట మధ్యలో ఒక తెర ఆరిపోతే, కేబులు ఊడిపోతే ఏమవుతుంది? విండోస్ ఆ తెర మీది కిటికీని తెచ్చి నడిమి తెర మీద పడేస్తుంది, సరిగ్గా సిగ్నలు ముందు. ఇప్పుడు తెరల సంఖ్య మారగానే పక్క కిటికీలు మూసేసి ఆట పాజ్ అవుతుంది. తెర తిరిగి వచ్చాక అడిగి తెరుస్తుంది. ఖరీదైన సెటప్‌లో కూర్చుని ఈ పరీక్ష చేయాలని ఎవరికీ తట్టదేమో.

జూన్, రథయాత్ర ముందు

రెండు తెరలవాళ్ల సంగతి మిగిలింది, అసలు ఎక్కువమంది వాళ్లే. రెండింటి మీదా ఆటను పరిస్తే సరిగ్గా నడిమిలో, లైను కనిపించవలసిన చోట, ఫ్రేముల అతుకు వస్తుంది. కాబట్టి పరచడం లేదు, ఆ ఆప్షనే పెట్టలేదు. 2007లో సుప్రీమ్ కమాండర్ చేసిన పని నచ్చింది: రెండో తెర మీద యుద్ధభూమి పటం. మాకు పటం కంటే మంచిది ఉంది. డ్రైవరు చేతికి ఇచ్చే కాషన్ ఆర్డరు, అంటే ఫలానా కిలోమీటరు దగ్గర ఇంత వేగమే అని రాసిన కాగితం, పక్కన టైం టేబుల్. రెండో తెర మీద కాగితాలు పరుచుకున్నట్టు ఉంటాయి, ఒక్క తెరవాళ్లు మీట నొక్కి అదే కాగితం తీసుకుంటారు. గోడాట్‌లో దీనికి వేరే కిటికీ తెరవడమే, లోపల ఇమిడే కిటికీల సెట్టింగు ఆపేస్తే చాలు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలో వస్తోంది. ఒడియా పాఠం మా వాడు చూశాడు, తెలుగుకు మావయ్యే దిక్కు.

మరి కొన్ని ఉన్నాయి, ఏ ఆటైనా చేయవలసినవి, చేయకపోతే సాకు లేనివి. ఏ తెర మీద తెరవాలో అడగడం, దాన్ని గుర్తుపెట్టుకోవడం. మౌసు పక్క తెరలోకి జారి, నొక్కగానే ఆట వెనక్కిపోకుండా ఆపడం. అవసరమైతే వదిలేయడం. పక్క తెరలో ఇంకేదో నొక్కితే ఆట ముడుచుకుని కిందికి పోకపోవడం. బావ నెట్ సెంటర్లో బిల్లింగు కంప్యూటరుకి రెండు తెరలున్నాయి, అక్కడ ఒక పూట కూర్చుని ఈ మూడూ సరిచేశాను. బావ మధ్యమధ్యలో ఆధార్ ప్రింట్లు తీసుకుంటూ నొక్కిన నొక్కుళ్లే మంచి పరీక్ష.

బరంపురం ఆయనకు బిల్డు పంపాం. ఆయన తెరలు మూడూ ఒకే జత, 27 అంగుళాలు. గీత జరిపి సరిచేసుకోవడం తేలికగానే ఉందన్నారు. స్టీరింగ్‌తో బండి నడుపుదామని చూశారట, ఇంజనుకి స్టీరింగ్ ఉండదని ఆయనకు నేను చెప్పలేదు.

తర్వాతి బిల్డులో: ఒక్క తెర, ఫోను, 21:9, కాగితాల రెండో తెర, ఇవి అందరికీ ఆన్. మూడు కెమెరాల పద్ధతి సెట్టింగుల్లో "ప్రయోగం" అనే గుర్తుతో, విండోస్‌కి, ఎక్స్11కి మాత్రమే. పాతపట్నం నుంచి టెంబూరు, టెక్కలి, నౌపడా వైపు పట్టాలు ఇంకా వేయాలి. గుణుపూర్ వైపు వంశధార ఒడ్డు మా వాడు మొదలుపెట్టాడు. బావ తన పాత మానిటరు వెనక్కి అడుగుతున్నాడు, సెంటర్లో ఇంకో బల్ల వేస్తున్నాడట. 1366×768 తెరలో పరీక్ష అప్పుడు అక్కడికే వెళ్లి చేయాలి.